నాటుకోళ్ళ ఇంట్లో గుడ్లు పొదిగే డబ్బా (ఇంక్యుబేటర్): కొనొచ్చా?

ముందే చెప్పేస్తా. మీ ఇంట్లో పొదుగుకు కూర్చునే పెట్ట ఉండి, ఏడాదికి పది పదిహేను పిల్లలు చాలనుకుంటే ఈ డబ్బా మీకు దండగ. ఆ డబ్బుతో పిల్లి దూరని గూడు కట్టించుకోండి. ఫలానా పుంజుకి, ఫలానా పెట్టకి పుట్టిన పిల్లలే కావాలి, అవీ ఒక్కసారే ఇరవై ముప్పై కావాలి అనుకునేవాళ్ళకు మాత్రం ఇది పనికొస్తుంది. అదీ కొన్ని షరతుల మీద.

మాది పలమనేరు పక్కన పల్లె. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులోనే, కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా ఆయన మోటార్ వైండింగ్ చేస్తాడు, కోళ్ళ పని నాది, మా అత్తది. ఇంటి వెనక మా ఓనరమ్మకు ఒక ఖాళీ సైటు ఉంది. గుడ్లు ఇస్తామంటే కంచె వేసుకోనిచ్చింది. అందులో నాలుగు అసీల్ (నాటు పందెంకోడి జాతి) పెట్టలు, ఒక కాకి (నల్ల) పుంజు, ఒక డేగ (ఎర్ర) పుంజు. కాకి పుంజు మా అన్న ఇచ్చింది. మా నాయన కాలం నుంచి ఇంట్లో నిలుపుకుంటా వచ్చిన వాటం. నిటారుగా నిలబడతాది, మెడ పొడుగు, తల మీద బఠాణీ గింజల వరసలాంటి చిన్న ఎర్ర జుట్టు, కాళ్ళు గట్టివి. ఈ వాటం పోకుండా నిలుపుకోవాలన్నదే మా ఆశ. అమ్మి సంపాదించేది ఏమీ లేదు.

అసీల్‌తో చిక్కు ఏమంటే గుడ్లు తక్కువ. గుడ్ల ఫారంలో పెంచే లేయర్ కోడి ఏడాదికి 300 పెడుతుంది, ఇవి ఎంత మేపినా వంద దాటవు. పది పదిహేను గుడ్లు పెట్టి పొదుక్కి కూర్చుంటుంది. పొదగడానికి 21 రోజులు, తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరగడానికి రెండు మూడు నెలలు, అప్పటిదాకా మళ్ళీ గుడ్డు లేదు. మంచి పెట్ట ఒక్కటే ఉంటే దాని పిల్లలు ఏడాదికి ఎన్ని దక్కుతాయో లెక్క వేసుకోండి. అందులో గద్దకు కొన్ని, పిల్లికి కొన్ని, రోగానికి కొన్ని. పైగా పుంజును మార్చి వేరే జత కట్టాలంటే పెట్టను కనీసం మూడు వారాలు పాత పుంజుకు దూరంగా పెట్టాలి. పాత పుంజు విత్తనం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. ఈ లోపల పెట్టిన గుడ్లు ఎవరివో చెప్పలేం. అంత ఓపికపట్టి జత కట్టాక పెట్టిన ప్రతి గుడ్డూ విలువైందే. అందుకే డబ్బా కొన్నాం.

డబ్బా బెంగళూరు ఎస్.పి. రోడ్డు అంగళ్ళలో దొరికింది. 6,200 చెప్పి 5,500కి ఇచ్చాడు. పేరు రాయడం లేదు, రాసినా లాభం లేదు. అదే డబ్బా మీద అంగడికో పేరు అంటించి అమ్ముతున్నారు. పసుపు అడుగు, పైన లోపలంతా కనిపించే ప్లాస్టిక్ మూత, మూతలో ఫ్యాను, హీటరు, ముందు చిన్న తెర. 36 గుడ్లు పడతాయని రాసుంది. ఫారం గుడ్లకు ఆ లెక్క సరే. గుడ్లను వాటంతటవే దొర్లించే ట్రే ఉంది. కరెంటు పోతే 12 వోల్టుల బ్యాటరీ తగిలించే పిన్ను ఉంది. దీన్ని చూసి మా అత్త అన్న మాట: "ఈ డబ్బా కరెంటు తాగి పొదగాల, మన కోడి నూకలు తిని పొదగతాది. యాది చవక మే?"

ఇక డబ్బా సంగతి.

వేడి. ఫ్యాను ఉండే డబ్బాలో గుడ్డుకు 37.5 డిగ్రీలు కావాలి, అంటే ఫారెన్‌హీట్‌లో 99.5. ఒక డిగ్రీ ఎక్కువైతే పిల్ల తొందరపడి, బొడ్డు మూసుకోకుండానే బయటికొస్తుంది, లేదా లోపలే చస్తుంది. తక్కువైతే ఆలస్యంగా, నీరసంగా వస్తుంది. తెర మీద అంకెను నమ్మే ముందు ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెట్టి చూడండి. మనిషి ఒంటి వేడికి, గుడ్డుకు కావలసిన వేడికి తేడా ఒక డిగ్రీ కూడా లేదు. కాబట్టి సరిగ్గా ఆ కొలత దగ్గర జ్వరం థర్మామీటర్‌ను మించింది ఇంట్లో ఇంకొకటి ఉండదు. మా డబ్బాలో తెర 37.6 చూపిస్తుంటే నడుమ 37.5 ఉంది, మంచిదే. కానీ ఫ్యాను కిందున్న మూల 38.2, దానికి ఎదురు మూల 36.8. ఒకే ట్రేలో డిగ్రీకి పైగా తేడా! వాడే వాళ్ళకు మార్గం ఒకటే: రోజూ గుడ్ల స్థానాలు మార్చాలి. మూలల్లోవి నడుమకు, నడుమవి మూలకు. గుడ్లు వాటంతటవే దొర్లుతాయని కొన్న డబ్బాకు రోజూ చెయ్యి పెట్టాల్సిందే. మా ఆయన మూత విప్పి ఫ్యాను ముందు చిన్న రేకు వంచి పెట్టాక తేడా సగం తగ్గింది. అందరి ఇంట్లో వైండింగ్ మేస్త్రి ఉండడు కదా.

తేమ. దీనికి మాత్రం మార్కులు ఇవ్వను. మొదటి 18 రోజులు గాలిలో తేమ నూటికి 50 దగ్గర, చివరి మూడు రోజులు 65 నుంచి 70 ఉండాలి. తెర మీద తేమ అంకె కూడా వస్తుంది, అది నిజమో కాదో తేల్చడానికి ఉప్పు చాలు. మూత గట్టిగా పడే డబ్బాలో చిన్న గిన్నెడు ఉప్పు పెట్టి, తడిసి ముద్దయ్యేట్టు నాలుగు చుక్కల నీళ్ళు పోసి, తేమ మీటర్‌ను పక్కన పెట్టి రాత్రంతా మూసి ఉంచండి. తెల్లారి అది 75 చూపించాలి. ఎక్కడైనా, ఏ ఊళ్ళోనైనా అంతే. మా డబ్బాది 62 చూపించింది, అంటే 13 తక్కువ. దాని మాట విని 50 వచ్చేదాకా నీళ్ళు పోసేవాళ్ళ డబ్బాలో నిజంగా 63 ఉంటుంది. అట్లాంటి తేమలో గుడ్డు ఆరదు, లోపల గాలి గది పెరగదు, పిల్ల గుడ్డు నిండా ఉబ్బి తిరగలేక, ముక్కుతో గుల్లను పొడవలేక చస్తుంది. డబ్బా బాగా లేదని కాదు, కోడిలో దోషముందని అనుకునేది ఇట్లాంటప్పుడే.

మీటర్‌ను పక్కన పెట్టి గుడ్లను తూకం వేయడం మేలు. వంటింట్లో గ్రాముల తూకం చాలు. పెట్టేటప్పుడు 46 గ్రాములున్న గుడ్డు 18వ రోజుకు 40కి దిగాలి, అంటే నూటికి పన్నెండు పదమూడు వంతులు తగ్గాలి. బాగా తగ్గితే నీళ్ళు పెంచండి, తగ్గకపోతే నీళ్ళు తీసేయండి. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి ఎండిపోయి ఉంటాయి, డబ్బా అడుగున ఉన్న రెండు నీళ్ళ గాడుల్లోనూ నీళ్ళు ఉండాలి. వానాకాలంలో ఒక గాడి సగం నింపినా ఎక్కువే. ఇందులో బాగున్న సంగతి ఒకటుంది: నీళ్ళు పోయడానికి బయట పక్కన రంధ్రం పెట్టారు, మూత తెరవక్కర్లేదు. ఇది ఆలోచించిన వాడెవడో వాడికి దండం.

దొర్లించే ట్రే. ఫారం గుడ్డుకు చేసిన గళ్ళు ఇవి. అసీల్ పెట్ట గుడ్డు చిన్నది, గడిలో వదులుగా పడి దొర్లడానికి బదులు జారుతుంది. ట్రే అటు పోతే గుడ్డు ఇటు వెళ్ళి మళ్ళీ అదే పక్కకు చేరుతుంది. గుడ్డుకు ఒక పక్క పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూస్తేగానీ ఇది తెలియదు. గుర్తు పొద్దునా సాయంత్రం ఒకే చోట కనిపిస్తుంటే ట్రే తిప్పడం లేదన్నమాట. తిప్పకపోతే పిండం గుల్లకు అతుక్కుపోతుంది. గడి గోడకు మందపాటి ఫోమ్ ముక్క అంటించాం, ఆ తర్వాత దొర్లుతున్నాయి. 18వ రోజున ట్రే తీసేసి, కింద జాలీ మీద గరుకు గుడ్డ పరవాలి. నున్నటి ప్లాస్టిక్ మీద పుట్టిన పిల్లకు కాళ్ళు జారి అటొకటి ఇటొకటి చీలిపోతాయి.

కరెంటు ఖర్చు భయపడినంత లేదు, రోజుకు ఒక యూనిట్‌కి అటూ ఇటూ. డిసెంబరు, జనవరి రాత్రులు మాత్రం పల్చటి మూత వల్ల హీటరు ఆగకుండా తిరుగుతుంది. మూత మీద థర్మోకోల్ పలక కప్పి, గాలి రంధ్రం వదిలితే సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు హడావిడి పడకండి. మూత తీయకుండా దుప్పటి కప్పి వదిలేస్తే గంట రెండు గంటలు గుడ్లకు ఏమీ కాదు. పెట్ట కూడా మేతకు లేచి పోతుంది కదా. రెండో వారం దాటాక గుడ్డులోని పిల్లే కొంత వేడి పుట్టిస్తుంది. చలికన్నా ఎక్కువ వేడే ప్రమాదం, దీన్ని మాత్రం గుర్తుంచుకోండి. బ్యాటరీ పిన్ను మేం వాడాం, బాగానే పనిచేసింది.

ఫలితం చెప్పకుండా ఎన్ని చెప్పినా ఏం లాభం? మొదటి విడత 28 గుడ్లు పెట్టాం. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూస్తే 5 తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. అవి పుంజు తొక్కని గుడ్లు, వాటికి డబ్బాను తప్పు పట్టకూడదు. మిగిలిన 23లో 17 పిల్లలయ్యాయి. పోయిన ఆరింటిలో నాలుగు ఆ చల్లటి మూలవే. అదే సమయంలో మా డేగ పెట్ట కింద 11 పెడితే పది వచ్చాయి, ఒకటి మురిగింది. రేకు వంచి, స్థానాలు మార్చడం మొదలుపెట్టాక డబ్బాలో ఫలితం బాగా మెరుగైంది కానీ పెట్టను ఇంకా అందుకోలేదు. అందుకుంటుందని నేను అనుకోవడమూ లేదు.

కడగడం నరకం. పిల్లలు ఆరేటప్పుడు రాలిన నూగు అంతా ఫ్యాను జాలీలో ఇరుక్కుంటుంది, జాలీ విప్పడానికి మరలు మూత లోపల ఎక్కడో ఉన్నాయి. విడత విడతకూ విప్పి కడగకపోతే ఆ మురికిలో పెరిగే క్రిములతోనే తర్వాతి గుడ్లు పాడవుతాయి. ఈ ఒక్క పనికి నేను మా ఆయన్ను పిలుస్తా.

డబ్బా పని పిల్ల గుడ్డులోంచి రాగానే అయిపోతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది, అది పెట్టె మీద రాసుండదు. పుట్టిన పిల్లను తొందరపడి బయటికి తీయక్కర్లేదు. కడుపులోకి తీసుకున్న పచ్చసొనతోనే రెండు రోజుల పైన ఉంటుంది, ఒకరోజు పిల్లల్ని ఊళ్ళకు ఊళ్ళు బస్సుల్లో పంపేది ఆ ధైర్యంతోనే. తర్వాత మాత్రం మొదటి వారం 35 డిగ్రీల వేడి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటా పోవాలి. అట్టపెట్టె, వడ్ల పొట్టు, 60 వాట్ల బల్బు, లోతు లేని నీళ్ళ గిన్నె. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, మూలలకు పారిపోతే వేడి, చెదిరి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇదంతా చేయొచ్చు. మేం చేయం.

మేం చేసేది ఇది. డబ్బాలో గుడ్లు పెట్టిన రోజుల్లోనే పొదుక్కి కూర్చున్న పెట్ట ఉంటే, దాని కింద ప్లాస్టిక్ గుడ్లు పెట్టి కూర్చోబెడతాం. అసీల్ పెట్ట బరువుకు దాని కింద గుడ్లు అప్పుడప్పుడు పగులుతుంటాయి, ఆ బెడదా లేదు. డబ్బాలో పిల్లలు పుట్టి ఆరాక, రాత్రి దీపం ఆర్పేసి ఒక్కొక్క పిల్లను రెక్క కిందికి తోసి ప్లాస్టిక్ గుడ్డు లాగేస్తాం. మా అత్త చెయ్యి ఈ పనికి. పెట్ట ముందు గుర్రుమంటుంది, పిల్ల గొంతు వినగానే తగ్గుతుంది. తెల్లారేసరికి అవి దాని పిల్లలే. పిల్లకు ఒకటి రెండు రోజుల కన్నా వయసు ఎక్కువైతే పెట్ట ఒప్పుకోదు, పిల్ల కూడా ఒదగదు. ఒక పెట్టకు పన్నెండు పదిహేను దాకా సరే, చలికాలంలో ఇంకా తగ్గించండి. తల్లి కింద పెరిగిన పిల్లలకు గద్ద అంటే ఏమిటో, చీమలగుట్ట అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. బల్బు కింద పెరిగినవి సైటులోకి వదిలిన రోజున ఆకాశం వైపు చూడవు.

డబ్బా వల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా వేసే లసోటా టీకా మందు వందల మోతాదుల సీసాలో వస్తుంది, కలిపాక మంచు మీద పెట్టి రెండు గంటల లోపల వాడేయాలి. అప్పుడొకటి ఇప్పుడొకటి పుట్టిన పిల్లల కోసం సీసా కొనాలంటే మనసొప్పదు. ఇరవై పిల్లలు ఒకే రోజు పుడితే ఐదో రోజుకో ఏడో రోజుకో అన్నిటికీ ఒక్కసారే కంట్లో చుక్క వేసేయొచ్చు. వీధిలో కోళ్ళున్న ఇంకో రెండు ఇళ్ళ వాళ్ళనూ అదే రోజు పిలుస్తాం.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ఈ డబ్బా దొరికింది కదా అని పెట్టలను పొదుక్కి కూర్చోనివ్వకుండా, ప్రతి గుడ్డూ తీసి డబ్బాలో పెట్టే వాళ్ళను చూస్తున్నా. డబ్బాకు ఏ గుడ్డయినా ఒకటే. పొదుగుమీదనుంచి నాలుగోరోజే లేచిపోయే పెట్ట గుడ్డునూ, పిల్లికి ఎదురు తిరిగే పెట్ట గుడ్డునూ ఒకే తీరున పొదిగిస్తుంది. పెట్ట కిందే పొదిగినప్పుడు సరిగా కూర్చోని దాని పిల్లలు రానే రావు, దాని గుణం అక్కడితో ఆగుతుంది. డబ్బా ఆ జల్లెడను తీసేస్తుంది. అట్లా కొన్ని తరాలు పోతే రంగు, వాటం, ఎత్తు అన్నీ ఉంటాయి, పొదగడం మాత్రం పోతుంది. తెల్ల లెగ్‌హార్న్‌కు జరిగింది అదే, గుడ్ల కోసం ఏరి ఏరి దాన్ని పొదగడం తెలియని కోడిని చేశారు. నాటు జాతి అని గొప్పగా చెప్పుకునే వాళ్ళకు ఆ గతి ఎందుకు? మేం ప్రతి పెట్టనూ ఏడాదికి ఒక్కసారన్నా సొంత గుడ్ల మీద కూర్చోనిస్తాం. సరిగా కూర్చోని దాని గుడ్లు కూరలోకి పోతాయి, డబ్బాలోకి కాదు.

నాటు జాతి మీద పట్టింపు లేని వాళ్ళకు ఈ గొడవే అక్కర్లేదు. బెంగళూరు హెబ్బాళలో తయారైన గిరిరాజ, స్వర్ణధార రకం కోడిపిల్లలు కొనుక్కోవచ్చు. త్వరగా పెరుగుతాయి, గుడ్లూ బాగా పెడతాయి, ఎంగిలి మెతుకులు తిని బతుకుతాయి. కానీ అవి వేరే వేరే జాతులు కలిపి తయారు చేసినవి, వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలు తల్లిలా రావు. కడక్‌నాథ్ అనే నల్లకోడి కావాలనుకునేవాళ్ళు జాగ్రత్త. మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక నల్లగా ఉన్న ప్రతి పిల్లనూ ఆ పేరుతో అమ్ముతున్నారు. నాలుక, నోరు లోపల కూడా నల్లగా ఉందో లేదో చూడండి.

డబ్బా ఉందని తెలిసినప్పటి నుంచి సంక్రాంతి ముందు ఫోన్లు వస్తున్నాయి, పందేనికి పుంజులు పొదిగించి ఇస్తారా అని. ఇవ్వం. కోళ్ళ పందెం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం, ఆ సంగతి అడిగేవాళ్ళకు నాకన్నా బాగా తెలుసు.

కొనాలనుకుంటే అంగట్లోనే నాలుగు పనులు చేయించండి. కరెంటు పెట్టించి అరగంట నడిపించి, జ్వరం థర్మామీటర్ తీసుకెళ్ళి రెండు మూలల్లో చూడండి, డిగ్రీ తేడా ఉంటే వేరే పీసు అడగండి. మీ కోడి గుడ్డు ఒకటి పట్టుకెళ్ళి గడిలో పెట్టి ట్రే తిప్పించండి. వేడి కొలిచే సెన్సారు విడిగా దొరుకుతుందేమో అడిగి ఒకటి అదనంగా కొనండి, ఏ పదిహేనో రోజునో అది పోతే గుడ్లన్నీ పోయినట్టే. తేమ అంకె గురించి అంగడివాడు ఏం చెప్పినా తలూపి ఇంటికొచ్చి ఉప్పు పెట్టుకోండి. 5,500కి ఇది సరైన ధరే, నా లెక్కలో ఐదుకు మూడు. ఆ మూడులో ఒకటి నీళ్ళ రంధ్రానికి. దొర్లించే ట్రే లేని చవక థర్మోకోల్ పెట్టెలు 2,000కే ఉన్నాయి. రోజుకు నాలుగైదు సార్లు చేత్తో తిప్పే మనిషి ఇంట్లో ఉంటే అవీ చాలు, వాటిలో మూలల తేడా ఎంతో చూసుకుంటే సరి.